గుడ్డు లేని మయోనైజ్ మిక్సీలో విరిగిపోతే: నాకు పనిచేసిన పద్ధతి

లక్షణం: చిక్కబడుతున్నట్టే ఉండి, ఒక్కసారిగా మజ్జిగలా పల్చబడి నూనె పైకి తేలుతుంది.

ఇంకా నూనె పోయడం, కార్న్‌ఫ్లోర్ కలపడం, మిక్సీ ఎక్కువసేపు తిప్పడం, ఫ్రిజ్‌లో పెట్టడం: ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. విరిగినదంతా గిన్నెలోకి వంపేసి, చట్నీ జార్ శుభ్రంగా కడగాలి. కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన చిక్కటి పాలు 2 టేబుల్ స్పూన్లు, ఆవపిండి పావు టీస్పూన్ వేసి పల్స్‌లో తిప్పాలి. విరిగిన మిశ్రమాన్ని బాగా కలిపి, మొదట ఒక్కో టీస్పూనే వేస్తూ, ప్రతిసారీ 3, 4 సెకన్లు తిప్పాలి. నూనె జాడ పూర్తిగా పోయాకే తర్వాతి స్పూను. చిక్కదనం నిలబడ్డాక సన్నటి ధారగా పోయొచ్చు. జార్ వేడెక్కితే ఆపేయండి. నిమ్మరసం ఒక టీస్పూన్, ఆఖర్న.

ఇక్కడ ఎమల్సిఫయర్ (నూనె, నీరు విడిపోకుండా పట్టి ఉంచేది) పాలలోని ప్రోటీన్లు, ముఖ్యంగా కేసిన్. నూనె చుక్కల చుట్టూ పొరలా పట్టి అవి మళ్లీ కలిసిపోకుండా ఆపుతుంది. నూనె ఒకేసారి పడితే చుక్కలు పెద్దవిగా మిగిలి, పొర చాలదు. ఆవపిండిలోని జిగురు కొంత తోడు, అంతే.

నా కొలత 100 మి.లీ. పాలకు 200 మి.లీ. సన్‌ఫ్లవర్ నూనె. హ్యాండ్ బ్లెండర్‌తో అసలు విరగడమే తక్కువ. సోయా పాలతో ప్రయత్నించలేదు. టోన్డ్ పాలతోనూ నిలబడింది, కాస్త జారుగా. గుడ్డు మయోనైజ్‌కైతే పాల బదులు కొత్త పచ్చసొన వాడతారు; తెలంగాణలో 2024 అక్టోబరు చివర్లో పచ్చిగుడ్డు మయోనైజ్‌పై ఏడాది నిషేధం పెట్టింది ఫుడ్ పాయిజనింగ్ భయంతోనే కాబట్టి, నేను దాని జోలికి వెళ్లను.