పశువుకు జ్వరం: గోమార్ల జబ్బేనా, ఎలా తేల్చుకోవాలి?

అమ్రాబాద్ పొడ తూర్పు జాతి ఎడ్లకైనా, నల్లమల చెంచు పెంటల్లోని నాటు ఆవులకైనా గోమార్లు (పిడుదులు) కొత్త కాదు. గోమార్లు ఎక్కించిన జబ్బు క్రిమి రక్తంలో ఉన్నా మామూలుగా మేసి తిరిగే పశువులు మందలో ఉంటాయి. పాల కోసమని అదే కొట్టంలో ఒక జెర్సీ సంకరావును కట్టేస్తే ముందుగా పడిపోయేది అదే. నాటువాటికి అసలు రాదనుకోవద్దు. లేగలు, ఈనిన ఆవులు, ఎండాకాలం చిక్కిన ఎడ్లు దెబ్బతింటాయి.

1. పొద్దున్నే, మేతకు తోలకముందే జ్వరం చూడండి. ఎండలో తిరిగొచ్చిన పశువు ఒళ్లు ఎలాగూ కాలుతుంది. థర్మామీటరు కొనకు నూనె రాసి, మలద్వారం లోపలి గోడకు ఆనించి రెండు నిమిషాలు పట్టుకోండి. పేడలో గుచ్చుకుంటే తప్పు చూపిస్తుంది. 101–102 మామూలే. 104 దాటితే ఆగొద్దు.

2. భుజం ముందు, మెడ మొదట్లో వేళ్లతో తడమండి. అక్కడి గడ్డ నిమ్మకాయంత ఉబ్బి ఉంటే థైలేరియా అనే గోమార్ల జబ్బును అనుమానించాలి. మూత్రం కాఫీ రంగులో ఉంటే బెబీసియా, అదీ గోమార్లదే. కనురెప్ప లోపల పాలిపోయి, పసుపెక్కి, మూత్రం మాత్రం ఎర్రబడకుంటే గోమార్లతోనే వచ్చే అనాప్లాస్మా కావచ్చు. వానల తర్వాత జోరీగలు ముసిరే రోజుల్లో జ్వరం వచ్చిపోతూ, పశువు గిరగిరా తిరుగుతుంటే సర్రా, అది గోమార్లది కాదు, జోరీగలతో వచ్చే జబ్బు. ఇవన్నీ అనుమానాలే, తేల్చేది రక్తపు స్లైడు, అంటే గాజు పలకపై పూసిన రక్తం.

3. ఏ ఇంజెక్షనూ పడకముందే, జ్వరం ఉండగానే స్లైడు తీయించండి. మందు పడ్డాక క్రిమి కనిపించకపోవచ్చు. చెవి అంచును స్పిరిటుతో తుడిచి, ఆరనిచ్చి, సూదితో గుచ్చాలి. స్లైడుపై చిన్న చుక్క చాలు. రెండో స్లైడును ఏటవాలుగా ఆనించి ఒక్క ఊపులో ముందుకు తోయాలి. పూత మందంగా వస్తే అందులో ఏమీ కనపడదు. ఆరేదాకా ఈగలు వాలనివ్వొద్దు, అవి రక్తాన్ని నాకేస్తాయి. ఆరాక కాగితంలో చుట్టి పశువైద్యశాలకు పంపండి. రాలేని తండాలవాళ్లు సంచార పశువైద్యం కోసం 1962కు ఫోన్ చేయొచ్చు.

4. మందు జబ్బును బట్టి మారుతుంది: థైలేరియాకు బుపార్వాక్వోన్, బెబీసియాకు డిమినాజీన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్, సర్రాకు క్వినాపిరమిన్. ఏ జ్వరానికైనా ముందు ఆక్సీటెట్రాసైక్లిన్ పొడిచి చూసే అలవాటుతోనే థైలేరియా పశువులు చేయిదాటుతాయి. ఎక్కించేది డాక్టరే. బరువు చెప్పాల్సింది మాత్రం మీరు. టేపుతో ఛాతీ చుట్టుకొలతను, భుజం మొన నుంచి తుంటి ఎముక చివరిదాకా పొడవును అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 58, పొడవు 48 అయితే సుమారు 245 కిలోలు. బుపార్వాక్వోన్ 20 కిలోలకు 1 మి.లీ. లెక్కన 12 మి.లీ. పైన పడుతుంది. ఖరీదని సగం వేయిస్తే జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది.

5. ఇక గోమార్లు. 12.5 శాతం అమిట్రాజ్ లీటరు నీళ్లకు 2 మి.లీ. కలిపి, పెద్ద పశువుకు 2–3 లీటర్లు పిచికారీ చేయాలి. అంతకంటే తక్కువైతే తొడల సందులు తడవవు. ముందు కడుపునిండా నీళ్లు తాగించండి, చల్లపూట చేయండి, ఆరేదాకా నాకనివ్వొద్దు. చెవుల లోపల, తోక కింద మందు తడిపిన గుడ్డతో తుడవండి, చేతికి తొడుగు తప్పనిసరి. గోమార్లను వేళ్లతో చిదమొద్దు, వాటి రక్తంతో మనుషులకూ జబ్బు అంటుకుంటుంది. 14 రోజులకు మళ్లీ కొట్టాలి.

పశువు ఒంటిపై ఉన్నవాటిని చంపి గోడల్లో ఉన్నవాటిని వదిలేస్తే పని సగమే అయినట్టు. థైలేరియాను మోసే గోమార్లు పగుళ్లలో దాక్కుంటాయి. పగుళ్లను మట్టితో పూడ్చి సున్నం వేయండి. పిచికారీ చేసిన పూట కోళ్లను గంప కింద మూసిపెట్టండి, మందు అంటి రాలిన గోమార్లను అవి ఏరుకు తింటాయి.