బునియన్‌కు చేయించుకున్న ఇన్‌సోల్‌తో నొప్పి తగ్గకపోతే: సమస్య - పరిష్కారం

కాలి బొటనవేలు రెండో వేలి వైపు ఒరిగిపోయి, దాని మొదట్లో పాదం లోపలి అంచున ఎముక పొడుచుకు రావడాన్నే బునియన్ అంటారు. పాదం అచ్చు తీసి చేయించుకున్న ఇన్‌సోల్ (బూటు లోపల పాదం కింద పెట్టుకునే పొర) నడిచేటప్పుడు ఆ కీలు మీద పడే భారాన్ని కొంత మళ్లిస్తుంది కాబట్టి కొందరికి నొప్పి తగ్గుతుంది. ఒరిగిన ఎముకను మాత్రం అది నిటారు చేయలేదు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే, ఇన్‌సోల్ పనిచేస్తోందా లేదా అన్నది వేలి ఆకారాన్ని బట్టి కాక నొప్పిని బట్టి చూసుకుంటారు.

సమస్య: ఇన్‌సోల్ పెట్టాక ఉబ్బు దగ్గర ఒరిపిడి, ఎరుపు ఎక్కువయ్యాయి.

కారణం చాలావరకు బూటులోనే ఉంటుంది. ఇన్‌సోల్ మందం వల్ల పాదం పైకి లేచి, ఉబ్బిన ఎముక బూటు గోడకు మరింత గట్టిగా ఆనుతుంది.

పరిష్కారం: బూటుతో వచ్చిన అట్టను ముందు తీసేయండి. దాన్ని నేల మీద పెట్టి పైన నిలబడి చూడండి. పాదం దాని అంచు దాటి బయటకు వస్తుంటే ఆ బూటు మీకు ఇరుకు, అందులో ఎంత మంచి ఇన్‌సోల్ పెట్టినా ఫలితం ఉండదు. వేళ్ల దగ్గర వెడల్పుగా, పైభాగం మెత్తగా, మడమ ఎత్తు తక్కువగా ఉన్న జోడు తీసుకోవాలి. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, ఇన్‌సోల్‌ను వెంట తీసుకెళ్లి అందులో పెట్టి చూసుకోవడం మేలు.

సమస్య: రెండో వేలి కింద, అరికాలి ముందుభాగంలో మంట.

బొటనవేలు మోయాల్సిన బరువు పక్క వేలి ఎముక మీద పడుతోందన్నమాట. దీనికి ఇన్‌సోల్ పైన చిన్న మెత్తను అతికిస్తారు, అయితే అది ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. నొప్పి ఉన్న చోట కొంచెం లిప్‌స్టిక్ రాసి, ఇన్‌సోల్ మీద ఒకసారి నిలబడి దిగితే మచ్చ పడుతుంది. మెత్త ఆ మచ్చకు కాస్త వెనుక, మడమ వైపు ఉండాలి. సరిగ్గా మచ్చ మీదే ఉంటే నొప్పి పెరుగుతుంది. అలా ఉంటే చేసినవారి దగ్గరకే తీసుకెళ్లి జరిపించుకోండి.

సమస్య: పాదం మధ్య వంపులో లాగుతోంది.

మొదటి రోజు గంటో రెండు గంటలో వేసుకుని, రోజురోజుకూ సమయం పెంచండి. కొన్ని వారాలైనా తగ్గకపోతే వంపు ఎత్తు తగ్గించాలి.

సమస్య: కీలు లోపలే నొప్పి, వేలు పైకి వంగడం లేదు.

కీలు అరిగి ఉండవచ్చు. అప్పుడు బొటనవేలి కింద గట్టి పట్టీ ఉండి, వేలిని ఎక్కువ వంగనివ్వని ఇన్‌సోల్ ఉపయోగపడవచ్చు గానీ, అంతకు ముందు ఎక్స్-రే తీయించుకోవాలి. రాత్రికి రాత్రి కీలు ఎర్రబడి, వేడెక్కి, తాకనివ్వనంత నొప్పి వస్తే అది గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే కీళ్ల వాపు) గానీ ఇన్ఫెక్షన్ గానీ కావచ్చు. ఆ స్థితిలో ఇన్‌సోల్‌ను సరిచేసుకుంటూ కూర్చోకుండా వెంటనే వైద్యుణ్ణి కలవాలి. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఒరిపిడి తెలియదు కాబట్టి, వారు కొత్త ఇన్‌సోల్ వేసుకున్న ప్రతిసారీ విప్పాక పాదాన్ని కళ్లతో చూసుకుని తీరాలి.