విదేశీ విద్యార్థిగా మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూకు ఎలా సిద్ధం కావాలి?

మార్కులు, ప్రవేశ పరీక్ష స్కోరు మిమ్మల్ని ఇంటర్వ్యూ గది గుమ్మం దాకా తీసుకెళ్తాయి. ఆ తర్వాత చాలా స్కూళ్లలో సీటు తేలేది ఇంటర్వ్యూలోనే. వేరే దేశం నుంచి దరఖాస్తు చేసేవాళ్లు ఇంగ్లీషు సరిగా రాకే వెనకబడతారని ఒక నమ్మకం ఉంది. ఎక్కువమందిని దెబ్బ తీసేవి వేరే: ఆ దేశంలో వైద్యం ఎలా నడుస్తుందో తెలియకపోవడం, నైతిక ప్రశ్నలకు తమ చుట్టూ చూసిన పద్ధతినే జవాబుగా చెప్పేయడం, బట్టీ పట్టిన జవాబులు అప్పజెప్పడం. ఆరు నుంచి ఎనిమిది వారాలు క్రమంగా పనిచేస్తే వీటిని చాలావరకు సరిదిద్దుకోవచ్చు.

ముందు ఏ రకం ఇంటర్వ్యూయో తేల్చుకోండి

పిలుపు ఈమెయిల్‌ను చివరి వాక్యం దాకా చదవండి. ఇంటర్వ్యూ రకం, నిడివి, చూపించాల్సిన పత్రాలు అందులోనే ఉంటాయి. ప్రధానంగా రెండు రకాలు కనిపిస్తాయి.

మొదటిది మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ, అంటే ఎంఎంఐ. ఇది కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. 2004లో దానిపై పరిశోధన పత్రం వెలువడ్డాక ఇతర దేశాలకూ పాకింది. సాధారణంగా 6 నుంచి 10 స్టేషన్లుంటాయి, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా వెళ్లాల్సిన చిన్న ఇంటర్వ్యూలు. ఒక్కోదానికి 5 నుంచి 8 నిమిషాలు, ముందు ప్రశ్న చదువుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు ఇస్తారు. ప్రతి స్టేషన్‌లో వేరే మనిషి మార్కులు వేస్తారు. కాబట్టి మూడో స్టేషన్‌లో తడబడ్డ సంగతి నాలుగో స్టేషన్‌లో ఉన్నవారికి తెలియదు. పాడైన స్టేషన్‌ను తలుపు దగ్గరే వదిలేయడం కూడా ముందుగా అభ్యాసం చేయాల్సిన పనే.

రెండోది ప్యానెల్ ఇంటర్వ్యూ: ఇద్దరు ముగ్గురు ఎదురుగా కూర్చుని 20 నుంచి 40 నిమిషాలు మాట్లాడతారు. అమెరికాలో ఒక్కరితో ఒక్కరుగా సాగే సంభాషణలు మామూలు. అక్కడ ‘ఓపెన్ ఫైల్’ అంటే వారు మీ దరఖాస్తు చదివి వచ్చారని, ‘క్లోజ్డ్ ఫైల్’ అంటే చదవలేదని. క్లోజ్డ్ ఫైల్‌లో మీ గురించి మొత్తం మీరే చెప్పుకోవాలి. ‘దరఖాస్తులో రాసినట్టుగా’ అని మొదలుపెడితే ఎదుటివారికి ఏమీ అర్థం కాదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ దారి వేరు: డిసెంబరులో జరిగే వాటి ఇంటర్వ్యూల్లో సైన్స్ సమస్య ఒకటి ఇచ్చి మీ ఆలోచన ఎలా సాగుతుందో చూస్తారు. ఆగిపోతే వాళ్లే చిన్న సూచన ఇస్తారు. దాన్ని అందుకుని ముందుకు వెళ్లడమూ పరీక్షలో భాగమే.

బ్రిటన్‌లో వైద్య కోర్సుల దరఖాస్తుకు యూకాస్ (విశ్వవిద్యాలయ దరఖాస్తులు స్వీకరించే సంస్థ) గడువు అక్టోబరు మధ్యలో ముగుస్తుంది. ఇంటర్వ్యూలు ఎక్కువగా శీతాకాలంలో జరుగుతాయి. అమెరికాలో వేసవి చివర మొదలై వసంతం దాకా సాగుతాయి. అక్కడ చాలా స్కూళ్లు విదేశీ విద్యార్థులను అసలు తీసుకోవు. కొన్ని స్కూళ్లు ఒకటి కంటే ఎక్కువ సంవత్సరాల ఫీజును ముందే డిపాజిట్ చేయమంటాయి. ఈ రెండు సంగతులూ దరఖాస్తుకు ముందే తేల్చుకోవాలి.

ఆ దేశపు వైద్య వ్యవస్థపై రెండు పేజీల నోట్సు రాసుకోండి

బ్రిటన్ అయితే: నేషనల్ హెల్త్ సర్వీస్ 1948 జులై 5న మొదలైంది, ప్రధానంగా పన్నుల డబ్బుతో నడుస్తుంది, వైద్యం అందుకునే చోట డబ్బు కట్టనక్కర్లేదు. మందుల చీటీకి ఇంగ్లండ్‌లో రుసుము ఉంది. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లో లేదు. మామూలు జబ్బుకు పేషెంటు మొదట వెళ్లేది జీపీ (జనరల్ ప్రాక్టీషనర్, అంటే కుటుంబ వైద్యుడు) దగ్గరికి. స్పెషలిస్టును చూడాలంటే చాలావరకు జీపీ పంపాలి. వైద్యుల ప్రవర్తనా నియమాలు జనరల్ మెడికల్ కౌన్సిల్ ఇస్తుంది. తాజా కూర్పు 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ‘జూనియర్ డాక్టర్’ పేరు ‘రెసిడెంట్ డాక్టర్’గా మారింది. పాత పేరు వాడితే కొంపేమీ మునగదు గానీ, కొత్త పేరు వాడితే మీరు అక్కడి వార్తలు చదువుతున్నారని తెలుస్తుంది.

అమెరికా అయితే: ప్రైవేటు బీమా, ప్రభుత్వ పథకాలు కలగలిసి ఉంటాయి. 1965లో వచ్చిన మెడికేర్ ప్రధానంగా 65 ఏళ్లు దాటినవారికి, మెడికెయిడ్ తక్కువ ఆదాయం ఉన్నవారికి. 1986 నాటి చట్టం ప్రకారం అత్యవసర విభాగానికి వచ్చిన మనిషిని, డబ్బు కట్టగలిగినా లేకున్నా, పరీక్షించి స్థిమితపరచాలి. కెనడాకు 1984 నాటి కెనడా హెల్త్ యాక్ట్, అక్కడ వైద్యం నడిపే రాష్ట్ర ప్రభుత్వాల పాత్ర చదవాలి. ఆస్ట్రేలియాకు ఆదివాసులు, టారెస్ జలసంధి ద్వీపవాసుల ఆరోగ్యం, న్యూజిలాండ్‌కు బ్రిటిష్ రాజ్యానికీ మావోరీ నాయకులకూ మధ్య జరిగిన 1840 నాటి వైతాంగి ఒప్పందం, మావోరీల ఆరోగ్యం తప్పనిసరి. వీటి ఊసే లేకుండా వెళ్తే ఆ దేశం మీద ఆసక్తి లేదనే అనుకుంటారు.

ఈ వివరాలను వరుసగా వల్లిస్తే మార్కులు రావు. శస్త్రచికిత్స కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్న పేషెంటు కోపంగా ఉన్నాడనే ప్రశ్న వచ్చిందనుకోండి. ఆ ఆలస్యానికి వైద్యుల కొరత, పడకల కొరత, డిశ్చార్జి అయ్యాక ఇంటి దగ్గర చూసుకునే ఏర్పాటు లేకపోవడం ఎలా కారణమవుతాయో రెండు వాక్యాల్లో కలపగలిగితే చాలు.

నైతిక ప్రశ్నలు: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

ఒక సందర్భం తీసుకుందాం. డెబ్బై ఏళ్ల తల్లికి క్యాన్సరని తేలింది. కొడుకు వైద్యుణ్ని పక్కకు పిలిచి, ‘అమ్మకు చెప్పకండి, తట్టుకోలేదు’ అంటాడు. ఏం చేస్తారు?

కుటుంబమే నిర్ణయాలు తీసుకునే వాతావరణంలో పెరిగినవారికి ‘సరే’ అనడమే దయగా తోస్తుంది. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఆ జవాబు నిలవదు. నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఉన్న పేషెంటు విషయంలో ఆ సమాచారం ఆమెదే. అలాగని ‘అది ఆమె హక్కు, చెప్పేస్తాను’ అని కొడుకు మొహం మీద తలుపు వేసినట్టు మాట్లాడినా మార్కులు పోతాయి. మంచి జవాబు ఇలా నడుస్తుంది:

1. కొడుకు భయం ఏమిటో అడిగి వింటారు. తల్లికి గతంలో తీవ్రమైన దిగులు ఉండి ఉండొచ్చు. అది వైద్యుడు తెలుసుకోవాల్సిన సంగతే.
2. దాచిపెడతానని మాట ఇవ్వరు. ఎందుకు ఇవ్వలేరో చెబుతారు: రేపు చికిత్సకు ఆమె సమ్మతి కావాలి, విషయం తెలియకుండా ఇచ్చే సమ్మతి చెల్లదు.
3. ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో, పక్కన ఎవరుండాలో తల్లినే అడుగుతారు. ‘వివరాలన్నీ మా అబ్బాయికి చెప్పండి’ అని ఆవిడే అంటే అది కూడా ఆమె సొంత నిర్ణయమే.
4. భాష అడ్డమైతే కొడుకుతో అనువాదం చేయించకుండా శిక్షణ పొందిన దుబాసీని పిలిపిస్తారు. దగ్గరివాళ్లు చేదు మాటలు వడకట్టేస్తారు.
5. ఆమెకు సామర్థ్యం లేదనే అనుమానం ఉంటే దారి మారుతుందని కూడా ఒక మాట చెబుతారు.

ఇదే పద్ధతిలో కనీసం 15 సందర్భాలు నోటితో చెప్పి సాధన చేయండి. రక్తం ఎక్కించుకోనన్న పేషెంటు, తాగి డ్యూటీకి వచ్చిన సహోద్యోగి, ఒకే అవయవం ఇద్దరికి అవసరమైన పరిస్థితి తరచూ వచ్చేవే. తాగి వచ్చిన సహోద్యోగి విషయంలో వరుస ముఖ్యం: ముందు అతను పేషెంట్ల దగ్గరికి వెళ్లకుండా చూడాలి, తర్వాత విడిగా మాట్లాడాలి, ఆపై సీనియర్‌కు తెలియజేయాలి. మొదటి వాక్యంలోనే ‘పైవాళ్లకు చెబుతాను’ అంటే చేతులు దులుపుకున్నట్టు వినిపిస్తుంది.

చట్టం దేశానికో తీరుగా ఉంటుంది. మూర్ఛ వస్తున్నా కారు నడుపుతున్న పేషెంటు సంగతే చూడండి. బ్రిటన్‌లో వైద్యుడు ముందు డ్రైవింగ్ మానమని, లైసెన్సులిచ్చే డీవీఎల్ఏకు తనే తెలియజేయమని పేషెంటుకు చెబుతాడు. పేషెంటు వినకుండా నడుపుతూనే ఉంటే వైద్యుడే తెలియజేయాలి. కాలిఫోర్నియాలో స్పృహ తప్పే జబ్బులను వైద్యులు నివేదించడం చట్టప్రకారం తప్పనిసరి. పదహారేళ్ల లోపు పిల్లలు చికిత్సకు తామే సమ్మతి ఇవ్వగలరా అన్నదానికి ఇంగ్లండ్‌లో 1985 నాటి గిలిక్ తీర్పు ఆధారం. చికిత్సలోని ప్రమాదాల గురించి పేషెంటుకు ఎంత చెప్పాలన్నదానికి 2015 నాటి మాంట్‌గోమరీ తీర్పు. ఈ పేర్లు గుర్తుంటే మంచిదే. మర్చిపోతే సూత్రం చెప్పండి, తప్పు పేరు మాత్రం చెప్పకండి.

రెండు వైపులా చూపించాక ఒక నిర్ణయానికి రావాలి. చివరి దాకా గోడ మీద పిల్లిలా ఉండిపోవడం చాలామంది చేసే తప్పు. ఇంటర్వ్యూ చేసేవారు ఎదురు వాదిస్తే అది మీరు తప్పని చెప్పడానికే కాకపోవచ్చు. మీరు ఎంత నిలబడతారో చూస్తారు. పెద్దలు కాదన్నారు కదా అని వెంటనే మాట మార్చేయకండి. కొత్త కారణం ఎదురైతే మార్చుకోండి, ఆ కారణమేదో పైకి చెప్పండి.

రోల్ ప్లే, లెక్కలు

రోల్ ప్లేలో ఎదురుగా శిక్షణ పొందిన నటులుంటారు. స్నేహితురాలు అప్పిచ్చిన ల్యాప్‌టాప్ మీ చేతిలో పగిలింది, రేపే ఆమె ప్రాజెక్టు గడువు – ఇలాంటి కథ ఇస్తారు. కంగారులో చేసే తప్పు ఒకటే: ఆమె ఏడుస్తుండగానే పరిష్కారాల జాబితా చదవడం. విషయం సూటిగా చెప్పండి, క్షమాపణ అడగండి, ఆగండి. అయిదు సెకన్ల మౌనం మీకు అయిదు నిమిషాల్లా అనిపిస్తుంది. ఎదుటి మనిషికి అవసరమైనది అదే. దుర్వార్త చెప్పడానికి వైద్యులు వాడే ‘స్పైక్స్’ వరుస ఇక్కడా పనికొస్తుంది: చోటు చూసుకోవడం, ఆమెకు ఇప్పటికే ఏం తెలుసో అడగడం, ఎంత చెప్పమంటారో కనుక్కోవడం, చెప్పడం, బాధను గుర్తించడం, తర్వాతి అడుగు కలిసి తేల్చుకోవడం. ‘ఏం ఫర్వాలేదు, కంగారు పడకు’ అనే మాట అస్సలు వద్దు.

లెక్కల స్టేషన్‌లో గణితం తేలిక, యూనిట్లే ముంచుతాయి. 18 కిలోల బిడ్డకు కిలోకు 5 మి.గ్రా. చొప్పున మందు ఇవ్వాలి. సిరప్‌లో 5 మి.లీ.కు 125 మి.గ్రా. ఉంది. మొత్తం 90 మి.గ్రా., ఒక మి.లీ.లో 25 మి.గ్రా., కాబట్టి 3.6 మి.లీ. ప్రతి మెట్టూ పైకి చెబుతూ చేయండి. చివరి అంకె తప్పినా పద్ధతికి మార్కులు దక్కే అవకాశం ఉంటుంది.

మీ గురించి అడిగేవి

నిజంగా జరిగిన ఆరు నుంచి ఎనిమిది అనుభవాలు రాసుకోండి: జట్టులో గొడవ, వైఫల్యం, ఆసుపత్రిలో చూసినది, మీరు నడిపించిన పని. పరిస్థితి, మీ బాధ్యత, మీరు చేసినది, ఫలితం – ఇంతవరకు ఒక నిమిషం. దాని తర్వాత మీలో ఏం మారిందన్నది కనీసం అర నిమిషం. మార్కులు ఎక్కువగా ఆ అర నిమిషంలోనే ఉంటాయి. ఒక హెచ్చరిక: స్వచ్ఛంద సేవలో శిక్షణ లేకుండా ఇంజెక్షన్లు ఇచ్చాననో కుట్లు వేశాననో గొప్పగా చెబితే, హద్దులు తెలియని మనిషి అనుకుంటారు. పేషెంటును గుర్తుపట్టే వివరాలు కూడా చెప్పకూడదు.

‘మా దేశమే ఎందుకు?’ అన్న ప్రశ్న విదేశీ విద్యార్థికి దాదాపు ఖాయం. ‘ప్రపంచస్థాయి విద్య’ అనే చిలక పలుకు ఏ స్కూలుకైనా అతుకుతుంది కాబట్టి ఎక్కడా అతకదు. ఆ స్కూలు పాఠ్యక్రమంలో పేషెంట్లను ఏ ఏడాది నుంచి కలుస్తారు, శవచ్ఛేదం ఉందా, కేసుల ద్వారా బోధిస్తారా అన్నవి చూసి, మీకు నప్పే ఒకటి రెండింటిని కారణంతో చెప్పండి. చదువయ్యాక తిరిగి వెళ్తారా అంటే నిజమే చెప్పండి. దరఖాస్తు, ఇంటర్వ్యూ, వీసా మూడు చోట్లా మాట ఒకటే ఉండాలి.

అభ్యాసం

మొదటి రెండు వారాలు చదవడం, నోట్సు. మూడో వారం నుంచి రోజుకు రెండు ప్రశ్నలకు ఫోన్‌లో రికార్డు చేస్తూ జవాబు చెప్పండి. ఇంగ్లీషులో రెండు నిమిషాల జవాబంటే సుమారు 250 నుంచి 300 పదాలు. 350 దాటితే మీరు పరుగెడుతున్నట్టే. యాస మార్చుకోవాల్సిన పని లేదు. వాక్యం చివర స్పష్టంగా ఆగితే ఏ యాసైనా అర్థమవుతుంది. ప్రశ్న అర్థం కాకపోతే నీళ్లు నమలకుండా మళ్లీ చెప్పమని అడగండి. చివరి మూడు వారాల్లో వారానికి రెండు పూర్తి మాక్ ఇంటర్వ్యూలు, అందులో ఒకటైనా మీకు పరిచయం లేని మనిషితో. జవాబులను పూర్తి వాక్యాల్లో రాసుకోవద్దు, నాలుగు మాటల గుర్తులు చాలు. రాసినవి కంఠస్థమైపోతాయి. ప్రశ్న కాస్త పక్కకు జరిగినా పాత జవాబే బయటికొస్తుంది.

ఆన్‌లైన్ అయితే

సమయం పొరపాటు అన్నిటికంటే ఖరీదైంది. బ్రిటన్ గడియారం అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి జరుగుతుంది, అమెరికాది నవంబరు మొదటి ఆదివారం. లండన్, న్యూయార్క్‌ల మధ్య మామూలుగా 5 గంటల తేడా ఉంటే ఆ మధ్య రోజుల్లో 4 గంటలే. మార్చిలోనూ ఇలాంటి విరామం ఉంటుంది. ఆహ్వానం వచ్చిన రోజు లెక్కను నమ్మకుండా, ఇంటర్వ్యూ తేదీ వేసి మళ్లీ లెక్కించండి. అర్ధరాత్రి పడితే మూడు రోజుల ముందు నుంచే నిద్రవేళ జరపండి, లేదా మర్యాదగా వేరే సమయం అడగండి.

కెమెరా కంటి ఎత్తులో, వెలుతురు ముఖానికి ఎదురుగా ఉండాలి. వీలైతే కేబుల్ ఇంటర్నెట్, పక్కన ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధం. తెర మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. చాలాచోట్ల మొదట పాస్‌పోర్టు చూపమంటారు. తెర పక్కన కాగితాలు అంటించుకుంటే కళ్లు పట్టిస్తాయి. లైను తెగితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి, ఈమెయిల్‌లోనే ఉంచితే అదీ తెరుచుకోదు.

ఇంటర్వ్యూ ముగిశాక అమెరికా స్కూళ్లకు, వద్దని చెప్పకపోతే, ఒకటి రెండు రోజుల్లో చిన్న ధన్యవాద ఈమెయిల్ పంపొచ్చు. బ్రిటన్‌లో ఆ అవసరం లేదు. అడిగిన ప్రశ్నలు స్నేహితులకు చెప్పొద్దు. చాలా స్కూళ్లు గోప్యతా పత్రంపై సంతకం తీసుకుంటాయి, బయటపెట్టారని తేలితే దరఖాస్తే రద్దు కావొచ్చు.