కాలవలకు నీళ్లొదిలే లోపే పాత బండి మీటర్లో దీపాలు సరిచూసుకోండి

దాళ్వా కోతలు అయిపోయి కాలవలు కట్టేసిన ఈ రోజులే పాత బండి వైరింగ్ విప్పి చూసుకోవడానికి మంచి అదను. జూన్‌లో వానలు పట్టాక కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింటు) విప్పి ఎంత తుడిచినా గంటలో మళ్లీ చెమ్మ పడుతుంది. వానలో నడిరోడ్డు మీద బండి ఆగిపోయాక వెనక్కి ఆలోచిస్తే, మీటర్లో ఏదో ఒక దీపం అంతకు నెల ముందునుంచే తేడాగా వెలుగుతోందని గుర్తొస్తుంది. ఆ తేడాను ఇప్పుడే పట్టుకోవాలి.

ఇక్కడ చెప్పేదంతా కార్బ్యురేటరు, 12 వోల్టుల బ్యాటరీ ఉన్న స్ప్లెండర్, ప్యాషన్, పాత పల్సర్, పాత బుల్లెట్ లాంటి బండ్ల గురించి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో ఇంజిన్ బొమ్మ దీపం ఆరకుండా వెలుగుతుంటే స్కానరు ఉన్న షెడ్డుకు తీసుకెళ్లండి. మల్టీమీటరుతో తేలే పని కాదది.

చేతిలో ఉండాల్సినవి తక్కువే. మామూలు డిజిటల్ మల్టీమీటరు, సన్నటి ఎమరీ పేపరు, చిన్న వాజలిన్ డబ్బా, వైరు మీద తొడిగే స్లీవు, సోల్డరింగ్ ఐరన్, ఒక మీటరు పొడవున్న వైరు, ఫ్యూజులు రెండు. ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో దాని మీదే రాసి ఉంటుంది. అదే నంబరు వేయాలి. అది మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు వేసినా, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టినా, ఈసారి ఫ్యూజుకు బదులు ట్యాంకు కింద వైరు కాలుతుంది.

చీకట్లో చూడండి

ఈ పరీక్ష ఎండలో చేస్తే లాభం లేదు. రాత్రి సావిట్లో లైటు ఆర్పేసి, బండి కీ తిప్పండి. ఇంజిన్ స్టార్టు చేయొద్దు. న్యూట్రల్‌లో పచ్చ దీపం నిండుగా వెలగాలి. ఒక్కో గేరూ వేస్తూ పోండి, ప్రతి గేరులోనూ అది పూర్తిగా ఆరిపోవాలి. మిణుగురులా సన్నగా వెలుగు మిగిలితే ఆ వైరు ఎక్కడో కొద్దికొద్దిగా బాడీకి కారుతున్నట్టే. పగలు ఆ మసక వెలుగు మీ కంటికి ఆనదు. వాన పడిన రోజున అదే నిండు దీపమవుతుంది.

వెలుగుతున్న దీపం కంటే వెలగని దీపాన్ని ముందు అనుమానించండి. బ్యాటరీ బొమ్మ దీపం ఉన్న బండిలో కీ తిప్పినా అది ఒక్కసారైనా వెలగకపోతే, బ్యాటరీ బాగుందనుకోకండి. బల్బు పోయి ఉండొచ్చు, అలాంటప్పుడు రేపు బ్యాటరీ నిజంగా ఖాళీ అయినా ఆ దీపం మీకు చెప్పదు. మీటరు బల్బు మార్చేటప్పుడు తీసిన దాని మీద ఎన్ని వాట్లుంటే అన్ని వాట్లదే పెట్టాలి. ఎక్కువ వాట్లది పెడితే ప్లాస్టిక్ హోల్డరు కరుగుతుంది.

పచ్చ దీపం అబద్ధం చెబితే

ఈ జాగ్రత్తల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కేటప్పుడు, బల్ల మీద బండి ఆన్‌లో ఉంచి, పచ్చ దీపం చూసి న్యూట్రల్ పడిందనుకుని క్లచ్ వదిలారనుకోండి. గేరులో ఉంటే బండి ముందుకు దూకుతుంది. ముందున్నది మనిషైనా కావొచ్చు, గోదారైనా కావొచ్చు. అందుకే పంటు మీద, రేవు వాలులో దీపాన్ని నమ్మకుండా ఇంజిన్ ఆపేసి బండిని నెట్టుకుంటూ ఎక్కించండి.

దీపం అబద్ధం ఎందుకు చెబుతుందో తెలిస్తే బాగుచేయడం తేలిక. ఆ బల్బుకు ఒకవైపు ఇగ్నిషన్ నుంచి కరెంటు వస్తుంది. రెండోవైపు వైరు ఇంజిన్ ఎడమ పక్క ఉన్న న్యూట్రల్ స్విచ్‌కు దిగుతుంది. న్యూట్రల్ పడ్డప్పుడు స్విచ్ ఆ వైరును బాడీకి కలుపుతుంది, బల్బు వెలుగుతుంది. అంటే దారిలో ఎక్కడ బాడీకి తగిలినా బల్బుకు ఒకటే. అది న్యూట్రలో, అరిగిపోయిన వైరో దానికి తెలియదు.

ముందు చైను స్ప్రాకెట్ కవరు విప్పండి. చైను ఆయిలూ చేలగట్టు బురదా కలిసి నల్లగా ముద్దకట్టి ఉంటుంది. కిరసనాయిలూ బ్రష్షూ పెట్టి కడిగితే సన్నటి వైరు ఒకటి బయటపడుతుంది. హీరో హోండా బండ్లలో అది లేత పచ్చ రంగు మీద ఎర్ర గీత ఉన్న వైరు. ఇంజిన్ అంచు మీదుగా ఒంపు తిరిగే చోట, చైను దగ్గరగా వెళ్లే చోట వేలితో తడుముతూ పోండి. పైతొడుగు అరిగి రాగి పోగులు మెరుస్తుంటే దొంగ దొరికినట్టే.

అక్కడ ఏమీ కనబడకపోతే స్విచ్ దగ్గర వైరు ఊడదీసి, గాలిలో ఉంచి, కీ తిప్పండి. దీపం ఆరిందా, వైరు మంచిదే, తప్పు స్విచ్‌ది. ఆరలేదంటే స్విచ్ జోలికి వెళ్లొద్దు, వైరు ఎక్కడో తగులుతోంది. ఇప్పుడు అదే వైరు కొసను ఇంజిన్ మీద గీకిన లోహానికి తాకించండి. దీపం వెలగాలి. వెలగకపోతే బల్బో, పైనున్న కప్లరో, ఫ్యూజో చూడాలి. రెండు నిమిషాల్లో తేలిపోయే ఈ పరీక్ష చేయకుండా స్విచ్ కొనేవాళ్లు చాలామంది. కొత్త స్విచ్ బిగించేటప్పుడు దాని ఓ-రింగు కూడా మార్చండి. పాత రింగుతో బిగిస్తే అక్కణ్నుంచి ఇంజిన్ ఆయిలు చెమరుస్తుంది.

ఎర్త్, చిలుము

ఎడమ ఇండికేటరు వేస్తే హైబీమ్ దీపం కూడా మిణుకుమంటోందా? బ్రేకు నొక్కితే వెనక ఇండికేటరు సన్నగా వెలుగుతోందా? ఒకదానికొకటి సంబంధం లేని దీపాలు కలిసి ఆడుతుంటే అది ఎర్త్ జబ్బు. కరెంటుకు వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయి పక్క బల్బులోంచి దారి వెతుక్కుంటోంది.

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రగాలి తగిలే ఊళ్లలోనూ, భీమవరం చుట్టూ ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకూ ఇది ఇంకా త్వరగా వస్తుంది. ఉప్పు గాలిలోని తడిని లాగి పట్టి ఉంచుతుంది. ఇత్తడి పిన్ను మీద చిలుము పట్టి, వైరులో రాగి పోగులు పైతొడుగు లోపలే నల్లబడతాయి. వైరు కొస ఒక సెంటీమీటరు చెక్కి చూడండి. రాగి ఎర్రగా ఉండాలి. నల్లగా ఉంటే ఎర్రది వచ్చేదాకా కత్తిరించాలి. నల్ల రాగికి టంకం అంటదు.

ఎర్త్ బాగుందో లేదో మల్టీమీటరు కచ్చితంగా చెబుతుంది. 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల మొన బ్యాటరీ మైనస్‌కు, ఎర్ర మొన ఇంజిన్ బాడీకి తగిలించండి. కీ తిప్పి, బ్రేకు లైటు వెలిగించి, హారన్ నొక్కండి. 0.2 వోల్టులకు మించి చూపిస్తే ఎర్త్ బోల్టు విప్పి, పెయింటూ తుప్పూ గీకి ఇనుము తెల్లగా మెరిశాక బిగించండి. హెడ్‌లైట్ డూమ్ లోపల హోండా తరహా బండ్లలో పచ్చ వైర్లన్నీ కలిసే చోటు కూడా ఎర్తే. అది హ్యాండిల్ తిప్పినప్పుడల్లా నలుగుతుంది. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పుతూ దీపాలు చూడండి. ఒక వైపు తిప్పినప్పుడే ఆరితే పోగులు తెగింది అక్కడే.

డబ్ల్యూడీ-40 కొట్టేస్తే చాలనుకోవద్దు. అది తడిని నెట్టేస్తుంది, గట్టిపడిన చిలుమును తీయదు. ఎమరీ పేపరు సన్నగా చుట్టి పిన్ను గీకి, కప్లర్ బిగించాక బయట నుంచి మాత్రం వాజలిన్ పలచగా రాయండి. కప్లర్‌కు పాలిథిన్ కవరు చుట్టి దారంతో గట్టిగా కట్టేసే అలవాటు మానండి, లోపలి చెమ్మకు దారుండదు. వైరు కప్లర్ కంటే కిందికి ఒక ఒంపు తిరిగి పైకి ఎక్కేలా కట్టండి. నీటిచుక్క ఆ ఒంపు దగ్గర జారి పడిపోతుంది.

ఇండికేటర్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒకవైపు మాత్రమే వేగం తేడా వచ్చినా, కొట్టుకోకుండా నిలిచి వెలిగినా ఆ వైపు బల్బు పోయినట్టు, లేదా దాని ఎర్త్ పోయినట్టు. రెండు వైపులా తేడా ఉంటే ఇండికేటర్లను కొట్టించే ఫ్లాషరు, బ్యాటరీ చూడండి. పాత ఫ్లాషరుతో ఎల్‌ఈడీ బల్బులు పెడితే కూడా టకటకా కొట్టుకుంటాయి.

చార్జింగ్ లెక్కలు

పాత 100 సీసీ బండ్లు చాలావాటిలో హెడ్‌లైట్ బ్యాటరీ నుంచి కాక నేరుగా ఇంజిన్‌లో కరెంటు పుట్టించే కాయిల్ నుంచి వెలుగుతుంది. ఎక్సలేటర్‌తో పెరిగి తగ్గడం జబ్బు కాదు. బ్యాటరీ గురించి చెప్పేవి హారను, ఇండికేటర్లు. పాత బుల్లెట్ అయితే నాసెల్ (హెడ్‌లైట్ తొడుగు) మీద ఆంపియర్ మీటరే ఉంది. కీ తిప్పి లైటు వేస్తే ముల్లు మైనస్ వైపు వాలాలి, నడిచేటప్పుడు సున్నా దగ్గరో కొంచెం ప్లస్ వైపో నిలవాలి. దారంతా మైనస్‌లోనే ఉంటే చార్జింగ్ లేదు.

రాత్రంతా ఆగిన బండి బ్యాటరీకి పొద్దున్నే మీటరు పెడితే 12.6 నుంచి 12.8 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12కు దిగితే ఖాళీ. సెల్ఫ్ నొక్కినప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే ఆ బ్యాటరీ వానాకాలం దాటదు. ఇంజిన్ స్టార్టు చేసి, స్లోలో కాక సుమారు 4,000 ఆర్పీఎంలో ఉంచితే 13.8 నుంచి 14.5 రావాలి. 13 కూడా రాకపోతే చార్జింగ్ లేదు. 15 దాటితే ఆర్ఆర్ యూనిట్ (చార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్-రెక్టిఫయర్) పోయింది, బ్యాటరీలో నీళ్లు మరిగిపోతాయి, బల్బులు వరసగా మాడతాయి. అది మార్చేదాకా బండి తీయొద్దు.

చార్జింగ్ రానప్పుడు కాయిల్ ప్లేటు మార్చాలన్న మాట ముందే వినబడుతుంది. దానికంటే ముందు ఆర్ఆర్ యూనిట్ కప్లర్ చూడండి. క్లిప్పు నొక్కి రెండు సగాలనూ పట్టుకుని లాగాలి, వైర్లు పట్టుకుని కాదు. తెల్ల ప్లాస్టిక్ ఒక పిన్ను చుట్టూ గోధుమ రంగుకు తిరిగి అంచు కరిగి ఉంటే, పిన్ను వదులై వేడెక్కిందన్నమాట. కప్లర్ మార్చితే సరిపోవచ్చు. మూడు పసుపు వైర్లున్న బండిలో ఏ రెండింటి మధ్య ఓమ్స్ చూసినా దాదాపు ఒకే అంకె రావాలి, మామూలుగా ఒక ఓమ్ లోపే. ముందు మీటరు మొనలు రెండూ కలిపి, వచ్చిన అంకెను తీసేసి లెక్కేసుకోండి. పసుపు వైరుకూ బాడీకీ మధ్య ఏమీ చూపించకూడదు. కొన్ని చిన్న బండ్లలో కాయిల్ ఒక కొసను బాడీకే కలిపి ఉంచుతారు. అలాంటిదాన్ని షార్ట్ అనుకుని పారేయకండి.

ఇంజిన్ ఆడుతుండగా బ్యాటరీ వైరు పీకి, ఆగలేదు కాబట్టి చార్జింగ్ ఉందని తేల్చే పద్ధతిని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. బ్యాటరీ లేకపోతే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి బల్బులూ, స్పార్కును నడిపే సీడీఐ పెట్టె కూడా పోవచ్చు. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు ప్లస్ ముందు. బయట చార్జింగ్ పెడితే సామర్థ్యంలో పదో వంతు చాలు, 2.5 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీకి 0.25 ఆంపియరు.

ఎలుకలు, బరువులు

కోతలయ్యాక గడ్డివామి పక్కన, ధాన్యం బస్తాల దగ్గర పెట్టిన బండి సీటు ఒకసారి ఎత్తి చూడండి. గడ్డిపరకలు, ఎలుక పెంటికలు కనిపిస్తే ట్యాంకు కూడా దించి వైరింగ్ పొడవునా చూడాలి. కొరికిన చోట టేపు చుట్టి వదలొద్దు, మే ఎండకు జిగురు కరిగి టేపు జారుతుంది. టంకం పెట్టి స్లీవు ఎక్కించండి. వెనక కొబ్బరికాయల బస్తా, పాల క్యాన్లు, మేత మోపులు కట్టే బండ్లకు టెయిల్ లైటు వైరు మడ్‌గార్డు అంచు మీద నలుగుతుంది. అక్కడ పాత ట్యూబు ముక్క తొడిగి కేబుల్ టైతో కట్టండి.

వరద వస్తే

ధవళేశ్వరం దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. లంకల్లో ఉండేవాళ్లు రెండోదాని కోసం ఆగకుండా మొదటి హెచ్చరికకే బండిని ఏటిగట్టు మీదికి చేర్చండి. కాజ్‌వే మీద నీరు పారుతుంటే బండి దింపొద్దు. అప్పటికి దీపాల సంగతి తర్వాత, ముందు మనిషి.

బండి మునిగితే కీ తిప్పి దీపాలు వెలుగుతున్నాయా అని చూడకండి. తడి వైరింగ్‌లోకి కరెంటు పంపితే పిన్నులను చిలుము ఇంకా త్వరగా తినేస్తుంది. మొదట బ్యాటరీ మైనస్ తీసేయండి. ఉప్పునీరో బురదనీరో తగిలిన ప్రతి కప్లర్‌నూ విప్పి మంచినీళ్లతో కడిగి, నీడలో గాలి తగిలేలా రెండు రోజులు ఆరనివ్వండి. ఇంజిన్ ఆయిలు పాలు కలిసినట్టు తెల్లబడితే లోపలికి నీళ్లు వెళ్లినట్టు, ఆయిలు మార్చకుండా కిక్కు కొట్టొద్దు. అన్నీ ఆరాక ఫ్యూజు తీసి ఉంచి బ్యాటరీ కలపండి. కీ ఆపే ఉంచి, ఫ్యూజు చోట 10 ఆంపియర్ల రేంజిలో మల్టీమీటరు పెట్టండి. సున్నా చూపిస్తే ఫ్యూజు వేయొచ్చు. ఏమాత్రం అంకె కనిపించినా ఎక్కడో ఇంకా తడి ఉంది, ఇంకో రోజు ఆరబెట్టండి. మీటరు అలా పెట్టి ఉండగా సెల్ఫ్ మాత్రం నొక్కొద్దు.