అలలతో పగులు పట్టడం - 4: ఎండను దెబ్బ అనుకునే నెట్‌వర్క్

కార్బన్ ఫైబర్ ప్లేటు లోపలి దెబ్బను అలలతో పట్టి, కంప్యూటరు చేత గుర్తింపజేయడం ఈ వరుస పాఠాల పని. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న పీజో బిళ్లలు (కరెంటిస్తే కంపించేవి, కంపిస్తే కరెంటిచ్చేవి) రెండూ ప్లేటు మీద 300 మిల్లీమీటర్ల ఎడంలో అతుక్కున్నాయి కదా? ఒకటి అల పంపుతుంది, రెండోది అందుకుంటుంది. మనం పంపే అల 150 కిలోహెర్ట్జ్, ఐదు సైకిళ్లు. స్క్రీన్ మీద ముందుగా వచ్చే చిన్న గుంపు ఎస్-జీరో (ప్లేటు సాగి ముడుచుకునే అల), వెనకాల గట్టిగా వచ్చేది ఏ-జీరో (ప్లేటు వంగే అల). పలకల్లో నడిచే ఈ అలల లెక్క 1917లో హోరేస్ లాంబ్ తేల్చింది.

ఏ-జీరో వేగం సెకనుకు 1500 మీటర్లు అనుకుందాం. అలపొడవు 10 మిల్లీమీటర్లు, ప్రయాణం 200 మైక్రోసెకన్లు. పొరల మధ్య పట్టు ఊడిన చోటు, అంటే డీలామినేషన్, సెంటీమీటరంత ఉంటే ఈ అలకు తగులుతుంది. పైకి మాత్రం గీత కూడా కనబడకపోవచ్చు.

ఇవాళ్టి పని తీసివేత. బాగున్న ప్లేటు సిగ్నల్ దాచుకుని, కొత్త సిగ్నల్‌లోంచి తీసేస్తే మిగిలేది దెబ్బ తాలూకు జాడ. కాగితం మీద అంతే. బెంగళూరు మార్చిలో అలా కుదరదు. పొద్దున చల్లగా ఉన్న గది మధ్యాహ్నం మూడింటికి ఉడికిపోతుంది. ప్లేటు వేడెక్కితే అల నెమ్మదిస్తుంది. వేగం పావు శాతం తగ్గిందనుకోండి, అల అర మైక్రోసెకను ఆలస్యంగా వస్తుంది. మన సైకిల్ నిడివి 6.67 మైక్రోసెకన్లు కాబట్టి ఆ ఆలస్యం 27 డిగ్రీల ఫేజ్ (ఒక సైకిల్ మొత్తం 360 డిగ్రీలు అనుకుంటే అల వెనకబడినంత). తీసివేస్తే మిగిలేది 2 × సైన్ 13.5°, అంటే 0.47. ఏ దెబ్బా లేని ప్లేటులో దాదాపు సగం సిగ్నల్ మిగిలిపోయింది! ఎండలో నిలబెట్టి, ఆపైన చలిగాలిలోకి ఎగిరే తేజస్ యుద్ధవిమానం రెక్కదీ కార్బన్ ఫైబరే. దాని బాధ మన ప్లేటు బాధకన్నా పెద్దది.

ఇక నెట్‌వర్క్, అంటే ఉదాహరణలు చూసి బాగున్న ప్లేటేదో, దెబ్బతిన్నదేదో చెప్పడం నేర్చుకునే ప్రోగ్రాం. బాగున్న ప్లేటు రికార్డింగులన్నీ పొద్దున తీసి, క్లే ముద్ద అతికించి దెబ్బలా నటింపజేసినవి మధ్యాహ్నం తీస్తే, మూడు పొరల చిన్న కన్వల్యూషన్ నెట్‌వర్క్ (సిగ్నల్‌ను ముక్కముక్కగా చూసి ఆకారాలు పట్టే రకం) కూడా 99 శాతం సరైన జవాబులు తెచ్చేయొచ్చు. అది నేర్చింది ఎండ. పైగా అన్నీ కలిపేసి, అందులోంచే టెస్ట్ డేటా తీస్తే గైడులోని ప్రశ్నలే పరీక్షలో వచ్చినట్టు. నా మాట వినండి, రోజులవారీగా విడదీయండి. సోమ, మంగళవారాలవి శిక్షణకు, గురువారంవి పరీక్షకు. ముద్ద ఉన్నవీ లేనివీ పూటపూటా రెండూ తీయాలి.

ఒక చిన్న పరీక్ష కూడా చేయండి. బాగున్న ప్లేటు సిగ్నళ్లు మాత్రమే ఇచ్చి, ఏ గంటలో తీసినవో చెప్పమని నెట్‌వర్క్‌ను అడగండి. టకటకా చెప్పేస్తే, పాత మార్కులు నమ్మకండి.

వేడి ప్రభావం తగ్గించడానికి సిగ్నల్‌ను కాలంలో కాస్త సాగదీసే పద్ధతి ఐదో భాగంలో. ఈలోగా ఒక థర్మామీటరు కొని ప్లేటుకు తగిలించి, ప్రతి రికార్డింగ్ ఫైలు పేరులో ఉష్ణోగ్రత రాసిపెట్టండి.