ఇంట్లో చేసిన చెక్క స్పీకర్లలో లోపాలు: సమస్య - కారణం - పరిష్కారం

మొదటిసారి చెక్క స్పీకర్లు తయారుచేసినవారు, శబ్దం అనుకున్నట్టు రాకపోతే ముందుగా శబ్దం పుట్టించే భాగమైన డ్రైవర్‌నే అనుమానిస్తారు. కొత్త వూఫర్ (బాస్ పలికే పెద్ద డ్రైవర్) కొని బిగించిన తరువాత కూడా అదే లోపం వినిపిస్తే నిరుత్సాహపడి పెట్టెను మూలన పడేస్తారు. నిజానికి కొత్తగా వడ్రంగం పని నేర్చుకుంటున్నవారి స్పీకర్లలో లోపం ఎక్కువగా పెట్టె అతుకుల్లోనో, వైర్లు కలపడంలోనో ఉంటుంది. అందుచేత పైసా ఖర్చు లేని పరీక్షలన్నీ పూర్తయ్యాకే డబ్బు పెట్టే మరమ్మతు గురించి ఆలోచించాలి. ఒక వూఫర్, ఒక ట్వీటర్ (సన్నని, పై స్వరాలు పలికే చిన్న డ్రైవర్), వాటి మధ్య క్రాస్ఓవర్ (ఏ స్వరాలు ఏ డ్రైవర్‌కు వెళ్ళాలో విడదీసే సర్క్యూట్) ఉన్న జత స్పీకర్లను దృష్టిలో పెట్టుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

విడివిడిగా బాగానే ఉన్నా, రెండూ కలిసి మోగితే బాస్ తగ్గిపోతోంది

ఒక స్పీకర్‌లో ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయని దీని అర్థం. ఒక వూఫర్ కోన్ (ముందు కనిపించే గరాటు ఆకారపు పొర) ముందుకు వస్తున్నప్పుడు రెండోది వెనక్కి పోతుంది కాబట్టి తక్కువ పౌనఃపున్యాల శబ్దం ఒకదానినొకటి రద్దు చేసుకుంటుంది. యాంప్లిఫయర్ వైర్లు తీసేసి, 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను పెట్టె వెనకనున్న ప్లస్ టెర్మినల్‌కు, మైనస్‌ను మైనస్‌కు క్షణం పాటు తాకించండి. సాధారణంగా వూఫర్ కోన్ బయటికి కదలాలి. ముఖ్యంగా రెండు పెట్టెల్లోనూ ఒకే వైపుకు కదలాలి. బ్యాటరీని ట్వీటర్‌కు నేరుగా ఎన్నడూ తాకించవద్దు. కొన్ని క్రాస్ఓవర్లలో ట్వీటర్‌ను కావాలనే తిరగేసి కలుపుతారు కాబట్టి, దాని వైర్లను సర్క్యూట్ పటంలో ఉన్నట్టే ఉంచాలి.

బాస్ పల్చగా ఉంది, పెట్టెలోంచి గాలి బుసకొడుతోంది

అతుకుల్లోంచి గాలి కారుతున్నప్పుడు ఇలా జరుగుతుంది. కొత్తవారి పెట్టెల్లో నేను మొట్టమొదట చూసేది దీనినే. పోర్టు (గాలి బయటికి వచ్చే గొట్టం) లేని పెట్టె అయితే వూఫర్ కోన్‌ను చుట్టూ వేళ్ళు సమంగా ఆన్చి, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. గాలి బంధించి ఉంటే కోన్ నిదానంగా వెనక్కి వస్తుంది. వదలగానే టక్కున తిరిగి వస్తే ఎక్కడో సందు ఉన్నట్టే. పోర్టు ఉన్న పెట్టెకు ముందుగా పోర్టు మూతిని అరచేత్తో గట్టిగా మూసి ఇదే పరీక్ష చేయవచ్చు.

సందు ఎక్కడుందో తెలియాలంటే 40 హెర్ట్జ్ ప్రాంతంలోని స్వరాన్ని మితమైన శబ్దంతో మోగిస్తూ, తడిచేసిన వేలిని అతుకుల వెంట మెల్లగా జరపండి. గాలి కొట్టే చోట వేలికి చల్లగా తగులుతుంది. డ్రైవర్ అంచు, వెనకనున్న టెర్మినల్ చుట్టూ, స్క్రూ రంధ్రాలు, చివరగా అతికించిన వెనక పలక: సాధారణంగా ఈ నాలుగు చోట్లలో ఒక చోట దొరుకుతుంది.

పలకల అతుకు కారుతుంటే వూఫర్ తీసి, లోపలి మూల వెంట చెక్క జిగురును వేలితో గాడిలోకి నొక్కుతూ పూయండి. సందు వెడల్పుగా ఉంటే అదే జిగురులో సన్నని రంపపు పొట్టు కలిపి నింపాలి. సిలికాన్ వాడితే, అది పూర్తిగా ఆరి పులుపు వాసన పోయేదాకా డ్రైవర్లను బిగించకూడదు. ఆరేటప్పుడు వెలువడే ఆమ్లపు ఆవిరి లోహ భాగాలకు హాని చేస్తుంది. డ్రైవర్ అంచు దగ్గర కారుతుంటే చుట్టూ పల్చని ఫోమ్ టేపు అంటించి, స్క్రూలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి: డ్రైవర్ అయస్కాంతం స్క్రూడ్రైవర్ మొనను తన వైపు లాగుతుంది, చెయ్యి జారితే కోన్ చిరిగిపోతుంది. రెండో అరచేతిని కోన్‌కు అడ్డంగా ఉంచే బిగించండి.

అసలు ఆ సందు ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే రెండో పెట్టెకు మేలు. కోత మూలమట్టానికి సరిపోకపోవడం, క్లాంపును (పలకలను అదిమి పట్టే బిగింపును) ఒక వైపే ఎక్కువగా బిగించడం ప్రధాన కారణాలు. జిగురు పచ్చిగా ఉండగానే రెండు కర్ణాలను టేపుతో కొలవండి. అవి సమానంగా లేకపోతే పొడవైన కర్ణం మీద క్లాంపు వేసి, సమానమయ్యేదాకా సరిచేయాలి.

కొన్ని స్వరాల దగ్గర మాత్రమే గరగరమంటోంది

30 నుంచి 300 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే పరీక్ష శబ్దాన్ని పెట్టి, గరగర మొదలైన చోట ఆపి, ఆ స్వరాన్నే మోగనివ్వండి. అది మోగుతుండగా పలకలను, టెర్మినల్‌ను, ముందు జాలీని ఒక్కొక్కటిగా చేత్తో అదిమి పట్టుకోండి. దేన్ని పట్టుకుంటే చప్పుడు ఆగుతుందో లోపం అక్కడే ఉంది. ఏదీ ఆపలేకపోతే, లోపలి వైరు పలకకు గానీ కోన్ వెనక భాగానికి గానీ కొట్టుకుంటుండవచ్చు. దానిని ఫోమ్ ముక్కతో కట్టేయాలి. అయినా తగ్గకపోతే డ్రైవర్ స్క్రూలను కొంచెం వదులు చేసి వినండి. చప్పుడు పోయిందంటే డ్రైవర్ కూర్చున్న చోటు ఎత్తుపల్లాలుగా ఉండి, బిగింపుకు దాని చట్రం వంగిందని అర్థం. ఆ చోటును గరుకు కాగితంతో చదును చేస్తే సరిపోతుంది. స్క్రూలు వదులు చేసినా, కోన్‌ను చేత్తో కదిపినప్పుడు లోపల గీరుకున్నట్టు వినిపిస్తేనే డ్రైవర్ చెడిందని అనాలి.

బాస్ ఎక్కువై, అన్ని పాటల్లోనూ ఒకేలా బూమ్మంటోంది

పెట్టె ఘనపరిమాణంలోనో పోర్టు పొడవులోనో తప్పు ఉంది. బయటి కొలతలతో లెక్క వేయడం తరచుగా జరిగే పొరపాటు. ఉదాహరణకు 40 × 22 × 28 సెంటీమీటర్ల పెట్టె బయటి కొలతల ప్రకారం 24.6 లీటర్లు, 18 మిల్లీమీటర్ల పలక వాడితే లోపల మిగిలేది 16.3 లీటర్లే. డ్రైవర్, పోర్టు గొట్టం, అడ్డుకమ్మీలు ఆక్రమించే చోటు కూడా తీసివేయాలి. వచ్చిన అంకెను డ్రైవర్‌తో ఇచ్చిన థీల్-స్మాల్ కొలతలతో (దానికి ఎంత పెట్టె కావాలో లెక్కించే అంకెలతో) సరిచూడండి.

పెట్టెను మార్చే ముందు పోర్టులో మెత్తని ఫోమ్ దూర్చి వినండి. బూమ్మనడం తగ్గితే ట్యూనింగ్ (పోర్టు మోగే స్వరం) పైకి ఉన్నట్టు. గొట్టం పొడవు పెంచితే ట్యూనింగ్ కిందికి దిగుతుంది. ఫోమ్‌తో మార్పు లేకపోతే పక్క పలకలను వేలి కణుపులతో తట్టండి. డొల్లగా మోగే పలకకు లోపల అడ్డుకమ్మీ అతికించాలి. దానిని సరిగ్గా మధ్యలో పెట్టకుండా కాస్త పక్కకు జరపడం మంచిది. అప్పుడు రెండు సగాలూ ఒకే స్వరానికి కంపించవు.

ట్వీటర్ పలకడం లేదు

ట్వీటర్ వైర్లు విడదీసి మల్టీమీటర్‌తో కొలవండి. 8 ఓమ్‌ల ట్వీటర్ అయితే దాదాపు 6 చూపాలి. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగింది. వైర్లు విడదీయకుండా క్రాస్ఓవర్ మీదుగా కొలిస్తే మధ్యనున్న కెపాసిటర్ వల్ల రీడింగు తప్పుదారి పట్టిస్తుంది. ట్వీటర్ బాగుంటే క్రాస్ఓవర్‌లోని టంకం అతుకులను మళ్ళీ వేడిచేసి చూడండి.

రంగు వేశాక అతుకు గీతలు కనిపిస్తున్నాయి

ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన) పలక కోసిన అంచు ముఖభాగం కంటే ఎక్కువగా తడి పీల్చి ఉబ్బుతుంది. రంగుకు ముందు అంచులకు నీళ్ళు కలిపిన చెక్క జిగురు పూసి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, తరువాత ప్రైమర్ వేయాలి. ఇప్పటికే గీత పడితే రంగును అక్కడిదాకా గీకి ఇదే క్రమంలో మళ్ళీ చేయాలి. ఆ పొడి చాలా సన్నగా ఉండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి, రుద్దేంతసేపూ మాస్కు పెట్టుకోవాలి, డ్రైవర్లను విప్పి పక్క గదిలో ఉంచాలి.