పాత పికప్‌లో ఫ్యాన్ బెల్ట్ కీచుమంటే కారణం ఎలా పట్టుకోవాలి?

బోనెట్ కింద కీచుమని మోత వినబడగానే కొత్త బెల్ట్ కోసం ఆటోనగర్ దారి పట్టకండి. కొత్త బెల్ట్ వేసిన వారానికే అదే మోత తిరిగి వచ్చిందని బాధపడే బండి యజమానులను నేను ఏళ్ల తరబడి చూస్తున్నాను. అరిచేది బెల్టే అయినా, దానిని అరిపించేది చాలాసార్లు పక్కనున్న పుల్లీయో, బేరింగో, బిగింపులోని లోపమో అయి ఉంటుంది. కారణం తేలకముందే డబ్బు ఖర్చు పెట్టడం నాకు ససేమిరా నచ్చదు.

కావలసినవి టార్చి లైటు, స్పానర్లు, పొడవాటి ఇనుప స్కేలు, మూతకు చిన్న రంధ్రం చేసిన నీళ్ల సీసా. బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టండి. కండువా, వదులు చొక్కా, మెడలో గొలుసు, చేతి కడియం తీసేసిన తరువాతే బోనెట్ దగ్గరికి రండి.

మొదట మోత ఎప్పుడు వస్తోందో గమనించండి. తెల్లవారుజామున సెల్ఫ్ కొట్టగానే వచ్చి, లైట్లు వేస్తే పెరిగితే డైనమో (బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్) మీద బరువు పడినప్పుడు బెల్ట్ జారుతోందని అనుమానించాలి. స్టీరింగ్‌ను చివరి వరకు తిప్పినప్పుడు వస్తే పవర్ స్టీరింగ్ పంపు వైపు, ఏసీ వేయగానే వస్తే కంప్రెసర్ వైపు చూడాలి. మోత తీరు కూడా ముఖ్యమే. సాగదీసిన కీచు వేరు, పిచ్చుక అరిచినట్లు ఆగి ఆగి వచ్చే కిచకిచ వేరు. మొదటిది ఎక్కువగా జారుడుకు, రెండవది పుల్లీల వంకరకు, అంటే అవి ఒకే వరుసలో లేకపోవడానికి గుర్తు.

తరువాత ఇంజన్ ఆపి బెల్ట్‌ను చూడండి. అంచులు గాజులా మెరుస్తున్నా, ఒక పక్క మాత్రమే అరిగినా, పీచు లేచినా, కూలెంట్ గానీ ఆయిల్ గానీ అంటినా గుర్తు పెట్టుకోండి. పత్తి, మిర్చి టిక్కీలు తోలే బండ్లలో పుల్లీ గాడుల్లో దుమ్ము, పీచు అట్టకట్టి ఉండవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్ నగర్‌ను ముంచినప్పుడు నీళ్లలో నిలిచిన బండి అయితే గాడుల్లోని ఒండ్రును, బేరింగుల తుప్పును తప్పక చూడాలి.

ఇక అసలైన దశ నీళ్ల పరీక్ష. చాలామంది దీన్ని తొందరలో పాడుచేస్తారు కనుక ఓపికగా చదవండి. ఇంజన్ చల్లగా, బెల్ట్ పూర్తిగా పొడిగా ఉన్నప్పుడే చేయాలి. వాన కురిసిన ఉదయం చేస్తే వచ్చే ఫలితాన్ని నమ్మడానికి వీల్లేదు. ఒకరు సీట్లో కూర్చుని ఇంజన్‌ను ఐడిల్‌లో ఉంచాలి, మధ్యలో రేజ్ చేయకూడదు. మీరు ఫ్యాన్‌కు ఎదురుగా కాక పక్కన నిలబడి, సీసాను బెల్ట్‌కు దూరంగానే పట్టుకుని, పుల్లీలను తాకే లోపలి ముఖం మీద చెంచాడు నీళ్లు మాత్రమే పడేలా చిమ్మండి. డైనమో మీద చుక్క కూడా పడకూడదు. చెయ్యి గానీ గుడ్డ గానీ తిరిగే బెల్ట్ దగ్గరికి పోనివ్వకండి. వేలు పుల్లీకి, బెల్ట్‌కు మధ్య చిక్కితే లాక్కునే వ్యవధి ఉండదు.

చిమ్మిన తరువాత పది సెకన్లు కదలకుండా వినండి. మోత పెరిగితే బెల్ట్ జారుతున్నట్లే, అంటే బిగింపు చాలడం లేదన్నమాట. మోత చప్పున తగ్గి, నీళ్లు ఆరగానే తిరిగి వస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవు. ఏ మార్పూ లేకపోతే బేరింగును అనుమానించాలి. ఒక్కసారి విని తీర్పు చెప్పకండి. బెల్ట్ ఆరనిచ్చి మరొకసారి చేసి, రెండుసార్లూ ఒకే ఫలితం వస్తేనే నమ్మండి. మామూలు నీళ్లే వాడాలి. సబ్బు రుద్దడం, ఆముదం పూయడం, డబ్బాలో దొరికే బెల్ట్ స్ప్రే కొట్టడం వంటి పనులు మోతను కొన్నాళ్లు కప్పిపెడతాయే తప్ప కారణాన్ని చూపవు. పైగా ఆ జిగటకు దుమ్ము పట్టి బెల్ట్ మరింత చెడుతుంది.

వంకర అని తేలితే ఇంజన్ ఆపి, ఇనుప స్కేలును రెండు పుల్లీల ముఖాల మీద ఆనించి ఎక్కడ సందు కనిపిస్తుందో చూడండి. బేరింగు మీద అనుమానం ఉంటే బెల్ట్ తీసి ఒక్కొక్క పుల్లీని చేత్తో తిప్పండి. గరగరమన్నా, పక్కలకు ఊగినా దోషి దొరికినట్లే. బెల్ట్ లేకుండా ఇంజన్ నడిపి వినవచ్చు గానీ, ఆ బెల్టే వాటర్ పంపును తిప్పే బండ్లలో ఒక నిమిషం మించకూడదు. చాలా పాత డీజిల్ పికప్‌లలో బ్రేకుకు వాక్యూమ్ ఇచ్చే పంపు డైనమో వెనకే ఉంటుంది. అది తిరగకపోతే బ్రేకు సరిగా పడదు, అందువల్ల బెల్ట్ లేని బండిని అడుగు కూడా కదపకండి.

బిగింపు తక్కువని తేలినప్పుడు మోత ఆగే దాకా బిగించుకుంటూ పోవడం పెద్ద పొరపాటు. అతిగా బిగిస్తే డైనమో, వాటర్ పంపు బేరింగులు పోతాయి. పాత వీ బెల్ట్‌ను (V ఆకారపు గాడిలో కూర్చునే బెల్ట్) రెండు పుల్లీల మధ్య పొడవైన భాగంలో బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. మీ బండి పుస్తకంలో వేరే కొలత ఉంటే దానినే పాటించండి. బెల్ట్‌ను తనంతట తానే బిగించి ఉంచే స్ప్రింగ్ టెన్షనర్ ఉన్న బండిలో మీరు బిగించవలసింది ఏమీ ఉండదు, దాని చెయ్యి దడదడలాడుతుంటే టెన్షనర్‌నే మార్చాలి. వీ బెల్ట్ కొత్తది వేసినప్పుడు పదిహేను నిమిషాలు ఇంజన్ నడిపి, ఆపి, చల్లారిన తరువాత బిగింపును మళ్లీ కొలవండి, ఎందుకంటే కొత్త బెల్ట్ గాడిలో కుదురుకునేటప్పుడు కొంత వదులవుతుంది.